తూకం చూశాకే వంటకు పంపండి

స్నేహితులతో ఊళ్లు తిరుగుతూ సముద్రపు చేప తిని రావాలనుకునే పాఠకులు కొచ్చి, వైజాగ్, గోవా, రాజమండ్రి ప్రయాణాల గురించి అడిగిన ప్రశ్నలివి. ఒకే సందేహం పలువురు అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ వచ్చే నెల కొచ్చి వెళ్తున్నాం. అక్కడి సీఫుడ్ హోటళ్ల మెనూలో చేప పేరు ఎదురుగా ధర ఉండదనీ, బరువును బట్టి బిల్లు వేస్తారనీ విన్నాం. ఇద్దరికి ఎంత చెప్పాలి? బిల్లు వచ్చాక గొడవ పడకుండా ముందే ఏం మాట్లాడుకోవాలి? (నల్గొండ పాఠకుడు)

జవాబు: ధర రాయకపోవడం మోసమేమీ కాదు. రేవులో చేప ధర రోజురోజుకీ మారుతుంది కాబట్టి ‘మార్కెట్ ధర’ అని వదిలేస్తారు. ఆ అంకె ఎంతో వంట మొదలవకముందే మీ చెవిన పడాలి. వెయిటర్ చేపల పళ్లెం తెచ్చి చూపించగానే “ఇది బాగుంది” అని తలూపేస్తే బేరం అక్కడితో ముగిసినట్టే. కూర బల్ల మీదికి వచ్చాక అడగడానికి ఏమీ మిగలదు.

మొదట కిలో ధర అడగండి. తర్వాత ఆ చేపను మీ ఎదుటే తూచమనండి. ఆ తూకం శుభ్రం చేయకముందుదా, చేశాకా అన్నది తప్పక తేల్చుకోండి. ఎక్కువచోట్ల శుభ్రం చేయకముందే తూస్తారు, అందులో తప్పు లేదు, ముందు చెబితే చాలు. ఆపైన వండినందుకు వేరే డబ్బు ఉందా, ఉంటే చేపకు ఇంతనా, కిలోకి ఇంతనా అని అడగాలి. పన్ను సంగతి చివర్లో.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. కిలో 800 రూపాయలు, చేప 700 గ్రాములు అనుకుందాం. చేపకు 560. వండే ఖర్చు కిలోకి 300 అంటే మరో 210. అవి కలిపి 770. దానిపై 5 శాతం జీఎస్టీ 38.50 కలిస్తే 808.50. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఇద్దరిలో ఒకరు ఈ లెక్కను ఫోన్‌లో వేసి వెయిటర్‌కు చూపిస్తే చాలు, తర్వాత మాట తేడా రాదు.

ఇద్దరికి ఎంత అన్నది ఎముక, తల, పెంకు తీసేశాక మిగిలే మాంసాన్ని బట్టి చూసుకోవాలి. నిండు చేపలో తినగలిగింది సుమారు సగమే. అన్నం, మరో కూర ఉంటే 600 నుంచి 800 గ్రాముల చేప ఒకటి ఇద్దరికి సరిపోతుంది. తలతో ఉన్న రొయ్యల్లోనూ సుమారు సగం పోతుంది. రొయ్యల సైజును కౌంట్‌లో చెబుతారు. 30 కౌంట్ అంటే కిలోకి 30 తూగుతాయని అర్థం, కాబట్టి అరకిలో తీసుకుంటే 15 వస్తాయి. పీతలో మాంసం నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకానే ఉంటుంది. అరకిలో పీత ఒక మనిషికి రుచి చూడటానికి సరిపోతుంది, కడుపు నింపదు. ఇద్దరే ఉన్నప్పుడు చేప, పీత, రొయ్యలు మూడూ ఒకేసారి చెప్పడం కంటే ఒక చేప చెప్పి, అది తిన్నాక ఇంకొకటి చెప్పడం మంచిది. రెండో వంటకం వేడివేడిగా వస్తుంది, డబ్బూ వృథా కాదు.

ఫోర్ట్ కొచ్చిలో చీనా వలల దగ్గర పద్ధతి వేరు. అక్కడ చేప అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కుని పక్కనున్న హోటల్లో వండించుకోవచ్చు. అంటే రెండు బేరాలు: చేపది ఒకటి, వంటది ఒకటి. వంటకు ఎంతో తెలుసుకున్నాకే చేప కొనండి. కొన్న చేప చేతిలో ఉంటే బేరం మీ చేతిలో ఉండదు. బల్ల మీద పరిచినదంతా ఆ వలలో పడినదే అనుకోకండి, రేవు నుంచి తెచ్చి పెట్టినవీ ఉంటాయి. అందులో తప్పేమీ లేదు కానీ, ఎండలో ఐసు లేకుండా పడి ఉన్నదాన్ని మాత్రం వదిలేయండి.

మీరు ఎంచిన చేపే వండారా అన్న అనుమానం ఉంటే దాన్ని తూకం మీద ఉండగా ఫోటో తీసుకోండి, తోక రెక్క చివర చిన్న గాటు పెట్టమనండి. తలా తోకా ఉంచి నిండుగా వండమంటే పోల్చుకోవడం తేలిక. ముక్కలు కొట్టించి మసాలాలో ముంచితే ఏ చేపో చెప్పడం వంటవాడికే కష్టం.

ఏ చేపను ఎలా వండించాలో కూడా చెప్పాలి. కరిమీన్‌ను అరటాకులో చుట్టి పెనం మీద కాల్చే పొళ్ళిచ్చదు రుచికి తిరుగులేనిది కానీ, ముళ్లు ఎక్కువ, వడ్డించడానికి అరగంట దగ్గర పడుతుంది. వంజరం ముక్కలు వేపుడుకు బాగుంటాయి. చందువను నిండుగా పెనం మీద వేయించాలి. మందపాటి చేపను నిండుగా వేయిస్తే పైన మాడి, వెన్నుముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. రెండు వైపులా ముల్లు తగిలేదాకా మూడు నాలుగు గాట్లు పెట్టమని చెప్పండి. కొబ్బరిపాల మోయిలీకి మెత్తటి చేప, కుడంపుళి (కేరళవాళ్లు పులుపుకు వాడే ఎండుపండు) వేసిన ఎర్ర కూరకు నూనె చేప నప్పుతాయి. మన చింతపండు పులుపుకు అలవాటైన నాలుకకు కుడంపుళిలోని పొగ వాసన మొదటి ముద్దలో కొత్తగా ఉంటుంది, రెండో ముద్దకు నచ్చుతుంది.

ప్రశ్న: పక్క రాష్ట్రాల్లో మన చేపల పేర్లు చెబితే అర్థం కావడం లేదు. వంజరం, చందువ అంటే అక్కడ ఏమంటారు? (కర్నూలు పాఠకురాలు)

జవాబు: వంజరం చెన్నైలో కూడా వంజరమే. మన ఉత్తరాంధ్రలోనే దాన్ని కోనాం అంటారు. కేరళలో నెయ్‌మీన్, మంగళూరులో అంజల్, ముంబైలో సుర్మై, గోవాలో ఇస్వాన్. చందువ తమిళంలో వవ్వాల్, మలయాళంలో ఆవోలి, మంగళూరులో మాంజి, మరాఠీలో పాప్లెట్. కానాగంతను కేరళలో అయల అనీ, మంగళూరులో బంగుడె అనీ, గోవా ముంబైలలో బాంగ్డా అనీ పిలుస్తారు. కవ్వలు కేరళలో మత్తి, మంగళూరులో బూతాయి. పండుగప్ప చెన్నైలో కొడువా, కోల్‌కతాలో భేట్కి. రొయ్య తమిళంలో ఇరాల్, మలయాళంలో చెమ్మీన్, కన్నడంలో సిగడి, మరాఠీలో కొలంబీ, బెంగాలీలో చింగ్రి.

ధర తక్కువని కానాగంతనూ కవ్వలనూ చిన్నచూపు చూడకండి. తీరంలో ఆ ఉదయం దిగిన బాంగ్డా వేపుడు ముందు నాలుగు రోజులు ఐసులో ఉన్న సుర్మై నిలవదు. ఇక ఏ పేరూ లేకుండా ‘ఫిష్ ఫిల్లెట్’, ‘బోన్‌లెస్ ఫిష్’ అని మాత్రమే మెనూలో ఉంటే అది చాలాచోట్ల చెరువులో పెంచిన బాసా. తినడానికి ఇబ్బంది లేదు కానీ సముద్రపు చేప ధర పెట్టాల్సిన పని లేదు. “ఏ చేప?” అని అడిగితే తడుముకోకుండా పేరు చెప్పాలి.

ప్రశ్న: మే నెలలో సెలవు దొరికింది. ఇద్దరం వైజాగ్ వెళ్లి బాగా చేపలు తిందామనుకుంటున్నాం. అప్పుడు వేట ఉండదంటున్నారు, నిజమేనా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: నిజమే. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంటుంది కాబట్టి ఒడ్డు దగ్గర దొరికే నెత్తళ్లు, కవ్వలు లాంటి చిన్న చేపలు కొద్దిగా వస్తుంటాయి. లోతు నీళ్లలో దొరికే పెద్ద వంజరం మే నెలలో వైజాగ్ హోటల్లో కనిపిస్తే అది కోల్డ్ స్టోరేజీది గానీ పడమటి తీరం నుంచి వచ్చింది గానీ అయి ఉంటుంది. తాజా చేప ధర పెట్టి దాన్ని తినకండి.

అలాగని ప్రయాణం మానుకోనక్కర్లేదు. చెరువుల్లో పెంచేవాటికి ఈ నిషేధం వర్తించదు. భీమవరం వైపు నుంచి వచ్చే వెన్నామి రొయ్యలు, పెంచిన పండుగప్ప, మడ నీళ్ల మండపీత అప్పుడూ తాజాగా దొరుకుతాయి. పండుగప్ప పులుసు, రొయ్యల ఇగురు, పీతల కూర చెప్పుకుంటే వేసవిలో కూడా మంచి భోజనమే. చేప వేపుడే తినాలని పట్టుదల ఉంటే ప్రయాణాన్ని జూన్ చివరికి జరపండి. నిషేధం ఎత్తేశాక మొదటి బోట్లు ఒడ్డుకు చేరడానికే కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి జూన్ 15నే వెళ్లి వెతకడం తొందరపాటు.

పడమటి తీరంలో ఈ వేట నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు. కేరళ మాత్రం తన హద్దులోని నీళ్లలో ట్రాలర్లను జూన్ 9 అర్ధరాత్రి నుంచి జులై 31 దాకా ఆపుతుంది. అందుకే మేలో సముద్రపు చేప కోసం వెళ్లేవాళ్లకు గోవా, మంగళూరు, కొచ్చి మేలు. జులైలో అయితే వైజాగ్, కాకినాడ.

ప్రశ్న: హోటల్లో ఐసు మీద పేర్చిన చేపల్లో తాజాది ఏదో ఎలా పోల్చుకోవాలి? ఫార్మలిన్ కలిపారేమోనని కూడా భయం. (నిజామాబాద్ పాఠకుడు)

జవాబు: చాలామంది కన్ను చూసి ఊరుకుంటారు. కన్ను ఉబ్బి మెరుస్తుంటే మంచిదే, కానీ ఐసు నేరుగా తగిలితే తాజా చేప కన్ను కూడా తెల్లబారుతుంది. నమ్మదగినవి మొప్పలు. మూత ఎత్తించి చూడండి. ఎర్రగా, తడిగా, సముద్రపు గాలి వాసనతో ఉండాలి. గోధుమరంగుకు తిరిగి జిగురు పట్టి, పుల్లటి వాసన వస్తే వద్దు. పొట్ట దగ్గర వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. పొట్ట చిట్లి ఉంటే ఆ చేప పేగులతో ఎక్కువసేపు ఉండిపోయిందని అర్థం. ఐసు మీద పెట్టడం కాదు, ఐసులో కప్పి ఉంచాలి. పైభాగం గాలికీ లైటు వేడికీ వదిలేసి అడుగున మాత్రం నాలుగు ఐసుముక్కలు పరిస్తే అది అలంకారమే.

ముక్కలుగా కోసిన వంజరంలో నడిమి ముల్లు చుట్టూ చూడండి. అక్కడ మాంసం గోధుమరంగుకు మారినా, పొరలు పొరలుగా విడిపోతున్నా పాతది. రొయ్యకు తల గట్టిగా అంటుకుని ఉండాలి. తల మీద నల్లమచ్చలు వచ్చాయంటే కుళ్లిందని కాదు. గాలి తగిలి రొయ్యలోని ఎంజైములు నలుపు తెస్తాయి. కానీ ఆలస్యమైందన్న సూచన అది, తల వదులై వాసన కూడా ఉంటే తీసుకోవద్దు. పీత బతికి ఉండాలి, సైజుకు తగ్గ బరువు ఉండాలి. అడుగున కాళ్ల మొదళ్ల దగ్గర బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతే అది ఈమధ్యే పెంకు వదిలింది, లోపల మాంసం కంటే నీళ్లే ఎక్కువ. దాన్ని కిలో లెక్కన కొంటే నీళ్లకు డబ్బు పెట్టినట్టు.

2018లో కేరళ అధికారులు సరిహద్దుల్లో పట్టుకున్న చేపల్లో, కుళ్లకుండా కలిపే ఫార్మలిన్ అనే రసాయనం బయటపడ్డాక ఈ భయం పెరిగింది. కంటితో చూసి ఫార్మలిన్‌ను కచ్చితంగా చెప్పలేం. చేప వాసనే లేకపోవడం, మాంసం రబ్బరులా బిగుసుకుపోవడం, మొప్పలు పాలిపోయినా ఒళ్లు మాత్రం గట్టిగా ఉండటం అనుమానించదగ్గవి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనికోసం కాగితపు పట్టీల పరీక్ష కిట్ తయారుచేసింది, కానీ హోటల్ బల్ల దగ్గర అది కుదిరే పని కాదు. రేవుకు దగ్గరగా, రోజంతా గిరాకీ ఉండే హోటల్‌ను ఎంచుకోవడమే చేయగలిగింది. సరుకు రోజూ అయిపోయేచోట మందు కలిపి నిలవ ఉంచాల్సిన అవసరం రాదు.

వండి తెచ్చాక కూడా తెలుస్తుంది. రొయ్య ఒకవైపు వంగి చంద్రవంకలా ఉంటే సరిగ్గా ఉడికింది, తలా తోకా కలిసి గుండ్రంగా చుట్టుకుపోతే ఎక్కువ ఉడికింది, పిండిలా నలిగిపోతే పాతది. స్క్విడ్ రెండు నిమిషాలు పెద్ద మంట మీద గానీ, అరగంటకు పైగా సన్న సెగ మీద గానీ ఉడకాలి. మధ్యలో దింపితే రబ్బరు. కానాగంత, ట్యూనా, కవ్వలు తింటుంటే నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే అక్కడితో ఆపేయండి. ఈ జాతి చేపలు ఐసు లేక వేడెక్కితే వాటిలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. కొద్ది నిమిషాల్లోనో గంటలోనో మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. అలా అయితే డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న: నా స్నేహితురాలికి రొయ్యలు పడవు. ఒకసారి పెదాలు వాచాయి. చేప మాత్రం తింటుంది. ఇద్దరం గోవా వెళ్తున్నాం. సీఫుడ్ హోటల్లో ఆమె ఏం జాగ్రత్త పడాలి? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: రొయ్య ఎలర్జీ, చేప ఎలర్జీ వేర్వేరు. ఒకటి ఉన్నవాళ్లు రెండోది తినగలగడం మామూలే. రొయ్యల్లో ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ ట్రోపోమయోసిన్. అది వేడికి పాడవదు కాబట్టి “బాగా వేయించాం, ఏం కాదు” అన్న మాట నమ్మకూడదు. అదే రకం ప్రోటీన్ పీతల్లో, లాబ్‌స్టర్లలో ఉంటుంది. ఆల్చిప్పలు, స్క్విడ్ కూడా కొందరికి పడవు. డాక్టరు పరీక్షించి చెప్పేదాకా వాటినీ ముట్టకపోవడం మంచిది.

హోటల్లో అసలు ప్రమాదం నూనెది. రొయ్యలు వేయించిన బాణలిలోనే చేప వేయిస్తారు, అదే పెనం మీద రవ్వ ఫ్రై కాలుస్తారు. అందుకే “రొయ్యలు వద్దు” అంటే చాలదు. “రొయ్య ఎలర్జీ, ఆసుపత్రి పాలవుతుంది, విడిగా కడిగిన పెనం, కొత్త నూనె కావాలి” అని వెయిటర్‌కు కాకుండా వంటగదిలో ఉన్నవాళ్లకే చెప్పండి. కుదరదంటే ఇంకో హోటల్ చూసుకోండి. గోవా ఫిష్ థాలీలో పక్కన వడ్డించే కిస్మూర్‌లో ఎండురొయ్యలు ఉంటాయి, ఆ పొడి కొబ్బరి వేపుడులా కనబడుతుంది. థాలీలో కూర కూడా ఒక్కోరోజు రొయ్యలదే ఉంటుంది. ఆమెకు థాలీ కంటే విడిగా చెప్పిన చేప, తెల్లన్నం, పప్పు మేలు.

పక్కన కూర్చున్న మీరు రొయ్యలు తింటే ఆ చేత్తో ఆమె పళ్లెంలోకి ఏదీ వడ్డించకండి. గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే మాత్రలు వేసి వేచి చూడకూడదు. డాక్టరు అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసి ఇచ్చి ఉంటే వెంటనే తొడకు వేసి, 108కి ఫోన్ చేయాలి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి గానీ నడిపించకూడదు.

ప్రశ్న: రాజమండ్రి వెళ్తే పులస తినకుండా రావద్దని అందరూ అంటున్నారు. డిసెంబర్లో వెళ్తున్నాం. దొరుకుతుందా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: పులస పేరు పెట్టి ఏదో ఒకటి దొరుకుతుంది, పులస మాత్రం దొరకదు. సముద్రంలో ఉన్నప్పుడు ఈ చేపను విలస అంటారు. గోదావరికి వరద నీరు వచ్చే జులై నుంచి సెప్టెంబర్ దాకా గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. యానాం నుంచి ధవళేశ్వరం దాకా ఆ ఎర్రనీళ్లలో పట్టినదే పులస. రెండూ ఒకే జాతి చేప, రుచి మాత్రం వేరు. డిసెంబర్లో పెడుతున్నది ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన చేప గానీ ఐసులో దాచింది గానీ అవుతుంది.

‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత విని ధర ఎంత చెప్పినా ఇచ్చేస్తుంటారు జనం. సీజన్లో వెళ్తే ఒకరోజు ముందే చెప్పుకుని, చేపను చూసి, తూచి, మట్టిదాకలో సన్న సెగ మీద వండమనండి. బెండకాయ, పచ్చిమిర్చి పడాలి, చివర్లో కాస్త ఆవకాయ నూనె. పులుపు ముక్కలోకి దిగడానికి రాత్రంతా పడుతుంది కాబట్టి మర్నాడే తినాలి. వెళ్లిన గంటలో వేడిగా తెచ్చిపెడితే అది ఎప్పుడు వండారో అడగండి. డిసెంబర్లో అయితే డబ్బు మిగుల్చుకుని కొరమీను పులుసో బొమ్మిడాయిల పులుసో తినండి, రెండూ ఆ ఊళ్లో బాగా వండుతారు.

ప్రశ్న: ముల్లు గొంతులో ఇరుక్కుంటే అన్నం ముద్ద మింగితే పోతుందా? (సిద్దిపేట పాఠకుడు)

జవాబు: వద్దు. పైపైన గుచ్చుకున్న ముల్లును ముద్ద ఇంకా లోతుకు దింపుతుంది. వేలు పెట్టి తీయబోయినా అంతే. తినడం ఆపి, గట్టిగా దగ్గి, రెండు గుక్కల నీళ్లు తాగి చూడండి. గుచ్చుకున్న బాధ తగ్గకపోతే అదేరోజు ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అద్దం, పట్టకారుతో చాలావరకు నిమిషాల్లో తీసేస్తారు. రక్తం పడినా, లాలాజలం మింగలేకపోయినా, ఊపిరి అందకపోయినా నేరుగా ఆసుపత్రికే.

చేపల అలవాటు తక్కువ ఉన్న స్నేహితుడికి నడిమి ముల్లు ఒక్కటే ఉండే వంజరం, చందువ, పండుగప్ప పెట్టండి. విలస, కరిమీన్, శీలావతి ముళ్లను చేత్తో తడిమి తీసుకోవడం వచ్చినవాళ్లకే.

ప్రశ్న: వచ్చే స్నేహితుడు శాకాహారి. ఇద్దరం సీఫుడ్ హోటల్‌కు వెళ్లొచ్చా? (అనంతపురం పాఠకుడు)

జవాబు: అతనికి అభ్యంతరం లేకపోతే వెళ్లొచ్చు. అయితే నూనె సంగతి ముందే అడగాలి. అప్పడాలు, పకోడీలు చేప వేయించిన నూనెలోనే వేయించే చోట్లు చాలా ఉన్నాయి. కూరలో చేప ఎసరు పోయలేదని రూఢి చేసుకోండి. సందేహం తీరకపోతే అతన్ని ఇబ్బంది పెట్టకుండా, అతనికి ముందు వేరేచోట టిఫిన్ పెట్టించి, మీ చేప భోజనానికి కాఫీ తోడుగా కూర్చోమనండి.

ప్రశ్న: బిల్లులో జీఎస్టీ కాక 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. కట్టాల్సిందేనా? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: అక్కర్లేదు. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేసి కొత్త బిల్లు ఇమ్మనండి. ఒప్పుకోకపోతే బిల్లు ఫోటో తీసుకుని 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీఎస్టీ మాత్రం కట్టాలి. మామూలు రెస్టరెంట్లకు 5 శాతం, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టరెంట్లకు 18 శాతం. అదే చేప, అదే తూకం అయినా పెద్ద హోటల్లో బిల్లు పెరగడానికి ఈ తేడా కూడా ఒక కారణం.